సగం ఉడికిన అన్నం

“ఏమీ తయారు చెయ్యనిదాన్ని పట్టుకుని ఇన్నేళ్ళుగా ఏం వెతుకుతున్నావో!” అన్నాడు భర్త, పొద్దున్నే ఆమె గిన్నెలు తోముతుంటే. సాయంత్రం భోజనానికి రాబోయే స్నేహితుల ముందు కూడా ఈ మాటే అంటాడని, వాళ్ళు నవ్వుతారని, వడ్డిస్తూ తానూ నవ్వాల్సి వస్తుందని ఆమెకు తెలుసు.

ఆమె పనిచేసేది ప్రయోగశాలలో. గుండెకు, మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమనుల్లో కొవ్వు పేరుకుని దారి ఎందుకు మూసుకుపోతుందో చూడడం ఆమె పని. కణాల్లో ఆమె వెతికే ఒక రకం ఆర్ఎన్ఏ అణువు ప్రోటీన్లేవీ తయారు చెయ్యదు. అందుకే ఆ జాతినంతా ఒకప్పుడు చెత్త కింద జమకట్టేశారు. తీరా చూస్తే, ధమని గోడలో కణాలు ఎంత కొవ్వు మింగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేవాటిలో అదీ ఒకటి. అది నోరు మూసుకుంటే కణాలు అడ్డూ అదుపూ లేకుండా మింగి, ఉబ్బి, అక్కడే చచ్చి పేరుకుంటాయి. ఇంటి చాకిరీ చేసేవాళ్ళ సంగతీ అంతేగా, మంచాన పడేదాకా వాళ్ళేం చేస్తున్నారో ఎవరికీ తెలియదు.

ఆస్పత్రి నుంచి ఐసులో వచ్చే ధమని ముక్కలు దాదాపు అన్నీ మగవాళ్ళవే. ఆడవాళ్ళవి ఎందుకు రావని సర్జన్‌ని అడిగితే, వాళ్ళు ఆపరేషన్ దాకా వస్తేగా అన్నాడు. ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. అమ్మ రాలేదు మరి. దవడ లాగుతోందని, ఆయాసంగా ఉందని అమ్మ అంటే గ్యాసై ఉంటుందన్నాడు నాన్న. చివరికి ఆస్పత్రికి బయల్దేరదీస్తే, వంట ముగించి వస్తానంది. అమ్మ ప్రాణం పోయాక కూడా ఆవిడ వండిన అన్నం వేడిగానే ఉంది. ఆ గిన్నె తర్వాత ఎవరు తోమారో ఆమెకు గుర్తు లేదు.

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి అత్తగారు వంటగదిలో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. స్టవ్ మీద అన్నం ఉడుకుతోంది. ఉద్యోగాలు వెలగబెట్టే కోడలికి పొయ్యి వెలిగించడం రాదని ఒకప్పుడు నలుగురిలో దెప్పిన మనిషి, ఇప్పుడు చెంప పట్టుకుని చెమటలు కక్కుతోంది.

“దవడ లాగుతోందా అత్తయ్యా?”

“పంటి నొప్పేలే అనుకున్నాను. వాడితో అంటే వయసు మీద పడిందన్నాడు,” అంది అత్తగారు. “గుండె జబ్బులు మగాళ్ళకి గానీ మనకెందుకొస్తాయే?”

ఆమె వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేసింది. హాల్లోంచి వచ్చిన భర్త, పంటి నొప్పికి అంబులెన్సేమిటని విసుక్కున్నాడు. స్నేహితులు వచ్చే వేళైందని, భోజనాల సంగతేమిటని అడిగాడు. ఆమె అత్తగారి భుజాల చుట్టూ చెయ్యి వేసింది.

“ఉండవే, అన్నం దించేసి వెళదాం,” అంది అత్తగారు.

ఆమెకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే స్టవ్ ఆపేసింది.

“అయ్యో, ఇంకా ఉడకలేదే.”

“ఉడకనక్కర్లేదు అత్తయ్యా,” అంది ఆమె. “పదండి.”