సున్నాలో చుక్క

ఆ వీధిలో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. పొద్దున సెలూన్‌లో అన్న మాట మధ్యాహ్నానికి రొట్టెల దుకాణంలో చిలవలు పలవలతో వినిపిస్తుంది. అలాంటి వీధి తొమ్మిదేళ్లుగా ఒక రహస్యాన్ని కడుపులో దాచుకుందంటే బయటివాళ్లు నమ్మరు. బయటివాళ్లకి చెప్పకపోవడమే ఆ రహస్యం కాబట్టి వాళ్లని నమ్మించాల్సిన పనీ పడలేదు.

బూడిదరంగు గేటున్న రెండంతస్తుల ఇల్లది. మొగుడి దెబ్బలు తట్టుకోలేక, పిల్లల్ని చంకనేసుకుని కట్టుబట్టలతో వచ్చినవాళ్లు అక్కడ తలదాచుకుంటారు. ఆ ఇల్లు నడిపే ఆవిడని పెద్దా చిన్నా అందరూ చిన్నమ్మ అంటారు. "ఆ ఇంట్లో అంతమంది ఆడవాళ్లేమిటండీ?" అని కొత్తవాళ్లెవరైనా అడిగితే వీధి వీధంతా ఒకటే జవాబు, "చిన్నమ్మకి చుట్టాలెక్కువ." గేటు దగ్గర కొత్త మొహం కనబడితే రొట్టెల దుకాణం వాళ్లు ఎవరూ అడక్కుండానే మర్నాడు నాలుగు రొట్టెలు ఎక్కువ పంపిస్తారు. కరెంటు పని చేసే ఆయన ఆ ఇంట్లో బల్బు మార్చడానికి తప్ప తలెత్తడు.

లాండ్రీ పెద్దాయన వంతుకి బట్టలొచ్చాయి. నిజానికి ఒప్పుకున్నది ఆయన కాదు, ఆయన భార్య. "ఒంటిమీది బట్టతో పారిపోయి వచ్చిన మనిషికి ముందు కావలసింది ఇంకో ఉతికిన బట్ట," అందావిడ తొమ్మిదేళ్ల కిందట, చేతిలో ఇస్త్రీ పెట్టె కింద పెట్టకుండానే. పెద్దాయన గొణిగాడు. ఆయన గొణక్కుండా చేసిన పని ఈ భూమ్మీద ఒక్కటీ లేదు. గొణుగుతూనే ఆ ఇంటికొక గుర్తు ఇచ్చాడు.

గుర్తులంటే పెద్దాయనకి ప్రాణం. ఇంటికొక గుర్తు. చెరగని నల్ల సిరాతో కాలరు లోపల వేస్తాడు. ఒకరికి రెండు గీతలు, ఒకరికి కొక్కెం, ఒకరికి నిచ్చెన. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్ల గుర్తు కూడా మరొకరికి ఇవ్వడు. పుస్తకం లేదు, చీటీ లేదు, అన్నీ తలలోనే. ముప్పై ఒక్కేళ్లలో ఒక్క జేబురుమాలు తారుమారు కాలేదని షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ, అడిగినా అడక్కపోయినా చెబుతాడు. ఒకసారి రిటైరైన లెక్కల మాస్టారు తన జేబురుమాలు ఒకటి తగ్గిందని గొడవ పెట్టుకుంటే, పెద్దాయన తిన్నగా వాళ్లింటికి వెళ్లి, బీరువా వెనకనుంచి దాన్ని తీసి, వీధిలో నలుగురి ముందూ ఆయన చేతిలో పెట్టాడు. అప్పట్నుంచీ ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. అయినా మాస్టారు బట్టలు ఇంకెక్కడా వెయ్యలేదు. పెద్దాయన ఎప్పటికైనా తప్పు చెయ్యకపోతాడా, తను పట్టుకోకపోతాడా అని చూస్తున్నాడు.

చిన్నమ్మ ఇంటి గుర్తు సున్నాలో చుక్క. "కవరు మీద షాపు పేరు వద్దు మావయ్యా, చీటీ కూడా పెట్టకు. ఇల్లెక్కడుందో ఒక్క మొగుడికి తెలిసినా చాలు, అందర్నీ పంపించేసి తాళం వేసుకోవాల్సిందే," అని చిన్నమ్మ మొదటిరోజే చెప్పింది. గేటు దాటి వెళ్లే ప్రతి వస్తువునీ ఆ ఇంట్లో తిప్పి తిప్పి చూస్తారు. స్కూలు పేరున్నా, దుకాణం ముద్ర ఉన్నా కత్తిరించేస్తారు. సున్నాలో చుక్క జోలికి మాత్రం ఎవరూ పోలేదు. అది అక్షరం కాదు కదా. "నా గుర్తులు నన్ను పుట్టించినవాడికి కూడా అర్థం కావు," అని పెద్దాయన ధీమా.

ఆ ధీమాయే కొంప ముంచింది.

మంగళవారం మధ్యాహ్నం షాపులో మాస్టారు తన చొక్కాలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటున్నాడు. సెలూన్ ఆయన తువ్వాళ్ల మూట కోసం నిలబడి ఉన్నాడు. అప్పుడొచ్చాడు ఆ మనిషి. నలభై లోపు వయసు, నలగని చొక్కా, మెత్తటి మాట. సంచిలోంచి చిన్నపిల్ల స్వెట్టరు తీసి బల్ల మీద పరిచాడు. ఆకుపచ్చది. మెడ పట్టీ తిరగేసి చూపించాడు. సున్నాలో చుక్క.

"ఇది మీ చెయ్యేనట కదా బాబాయ్ గారూ," అన్నాడు. "ఎనిమిది లాండ్రీలు తిరిగానండీ. స్టేషన్ దగ్గరాయన చూడగానే చెప్పాడు, సున్నాని ఎడమవైపునుంచి తిప్పేది ఊళ్లో మీరొక్కరేనని. మా పాపదండీ. కోర్టు వాళ్ల గదిలో నెలకోసారి గంటసేపు చూడనిస్తారు. పోయినసారి కుర్చీ మీద మర్చిపోయింది. చలికి ఏం ఇబ్బంది పడుతోందో ఏమో. ఈ గుర్తు ఏ ఇంటిదో చెబితే చాలు, నేనే వెళ్లి ఇచ్చేస్తాను."

ఆ స్వెట్టరు పెద్దాయనకి బాగా తెలుసు. ఆరేళ్ల పాప. వాళ్లమ్మ మొదటిసారి మూట తెచ్చినప్పుడు దాన్ని బల్ల మీదికి ఎత్తలేకపోయింది, ఎడమ చెయ్యి భుజం దాటి లేవడం లేదు. ఇప్పుడు ఆ ఇంట్లో పిల్లలు కాక పదకొండు మంది ఆడవాళ్లున్నారు. వాళ్ల మూట ఈ మనిషి చెయ్యి చాపితే అందేంత దూరంలో, బల్ల వెనక అరలో సిద్ధంగా ఉంది.

ఈ గుర్తు నాది కాదందామంటే తోటి పనివాడే గుర్తుపట్టి పంపించాడు. ఇంకో ఇల్లు చూపిద్దామంటే పోయి ఆ తలుపు మీద పడతాడు. చెప్పనంటే అదే పెద్ద జవాబు.

"నా గుర్తే," అన్నాడు పెద్దాయన. పక్కన ఇస్త్రీ చేస్తున్న భార్య చెయ్యి ఆగిపోయింది. "కాకపోతే అది ఏ ఇంటిదీ కాదు. తప్పుల గుర్తు."

"అంటే?"

"బట్టలు కలిసిపోయి ఎవరివో తెలియనప్పుడు వేస్తాను. కళ్లు ఆనట్లేదు బాబూ, మతిమరుపొకటి. స్టేషన్ అవతలనుంచి కూడా మూటలొస్తాయి. వారానికి పదో పదిహేనో ఇలా తేలతాయి. తోచినవాళ్లకి ఇచ్చేస్తా. ఇది ఎవరికిచ్చానో నాకేం గుర్తు?"

అంటూంటే ఆయన చెవులు వేడెక్కాయి. ముప్పై ఒక్కేళ్లు కూడబెట్టుకున్న పేరు. పోతే పోయింది, పోయి పోయి మాస్టారు ముందా పోవడం!

ఆ మనిషి తలూపాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఇస్త్రీ దగ్గరున్న పెద్దావిడ కళ్లు ఒక్క క్షణం అర వైపు వెళ్లాయి. ఆ మనిషి కళ్లూ అటే వెళ్లాయి. "ఆ మూటలో పైకి కనబడే కాలర్లన్నిటికీ అదే గుర్తుందే," అన్నాడు.

"అవన్నీ తప్పులే నాయనా!" పెద్దావిడ ముక్కు ఎగబీల్చింది. "ఏడాదిగా ఇదే వరస. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని నేనే కప్పిపుచ్చుకుంటూ వస్తున్నా. ఇవాళ ఈయనే వాగేశాడు."

పెద్దాయన మాస్టారు వైపు చూడలేకపోయాడు. ఇన్నేళ్లుగా ఎదురుచూసిన రోజొచ్చింది ఆయనకి. ఇప్పుడు "అదేమిటి, నీ గుర్తులు తప్పడమేమిటి?" అని ఒక్క మాటన్నా అంతా బయటపడుతుంది.

మాస్టారు చొక్కాలు కింద పెట్టాడు.

"ఇప్పటికైనా ఒప్పుకున్నావు!" అని అరిచాడు. "పోయిన వారం నా తెల్ల చొక్కా మీద ఇదే సున్నా! అడుగుదామనే వచ్చాను. జేబురుమాలు దగ్గర నన్ను నవ్వులపాలు చేశావే, ఇప్పుడేమంటావ్?"

"నా తువ్వాళ్ల మీద కూడా ఉంది మావయ్యా," అన్నాడు సెలూన్ ఆయన. "పెద్దవాడివి కదా, పోనీలే అని ఊరుకున్నా."

ఆ మనిషి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఆ చొక్కా ఒకసారి చూడొచ్చా మాస్టారూ?"

"ఇంట్లో ఉంది."

"రేపు చూస్తాను లెండి. తొందరేం లేదు, ఎల్లుండి దాకా ఈ వీధిలోనే ఉంటాను. ఎవరెవరి బట్టల మీద ఉందో చూస్తే నాకే తెలుస్తుంది." స్వెట్టరు చేతులు లోపలికి మడిచి, నలక్కుండా సంచిలో పెట్టుకుని, దణ్ణం పెట్టి వెళ్లాడు.

అతను మలుపు తిరిగేదాకా చూసి పెద్దాయన చిన్నమ్మ ఇంటికి వెళ్లాడు. పిలవనిదే మగవాళ్లు ఆ గేటు దాటరు. బయటే నిలబడి అంతా చెప్పాడు. చిన్నమ్మ వెనకే పాప వాళ్లమ్మ వచ్చి నిలబడింది.

"తప్పు నాదే అమ్మా," అన్నాడు.

"ఆయన వెతికితే దొరకనిదంటూ లేదండీ," అందామె. గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. "మా అక్క ఇంట్లో దాక్కుంటే మూడో రోజుకి వచ్చాడు. ఇలాగే, మెత్తగా మాట్లాడుకుంటూ."

"ఎల్లుండి దాకా ఎవరూ గడప దాటకండి," అంది చిన్నమ్మ. "బయటపడితే మాత్రం అందర్నీ పంపించెయ్యాలి మావయ్యా."

"ఎక్కడికి?"

చిన్నమ్మ గేటు గడియ పెట్టేసింది. పెద్దాయనకి తన చేతిని తనే నరుక్కోవాలనిపించింది.

షాపుకి తిరిగొచ్చేసరికి బల్ల దగ్గర మాస్టారు ఉన్నాడు, చేతిలో తెల్ల చొక్కాతో.

"వెయ్యి," అన్నాడు.

"ఏమిటి?"

"ఆ సున్నా. అబద్ధమాడినా అతికినట్టుండాలన్నారు. నాది అతకలేదు. రేపు వాడు కాలరు ఎత్తమంటే ఏం చూపించను? ముప్పై ఆరేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. జవాబు ముందు రాసేసి లెక్క తర్వాత చెయ్యడం నా జన్మలో ఇదే మొదటిసారి. వెయ్యవయ్యా!"

పెద్దాయన కలం తీశాడు గానీ చెయ్యి రాలేదు. ఇంటికొక గుర్తు. సొంత బావమరిది అడిగినా ఒకరి గుర్తు ఇంకొకరికి ఇవ్వలేదు. గట్టిగా ఊపిరి పీల్చి, ఎడమవైపునుంచి సున్నా తిప్పి, మధ్యలో చుక్క పెట్టాడు.

ఇంతలో సెలూన్ ఆయన తువ్వాళ్లన్నీ వేసుకొచ్చాడు. తనూ అబద్ధమాడాడు కదా. రొట్టెల దుకాణం వాళ్లు ఏప్రన్లు తెచ్చారు. తాము అబద్ధమేమీ ఆడకపోయినా ఆడాల్సి వస్తే ముందుగానే సిద్ధంగా ఉంటే మంచిదన్నారు. కరెంటు ఆయన ఒంటిమీది చొక్కా అక్కడికక్కడే విప్పి, బనీనుతో చలికి వణుకుతూ నిలబడ్డాడు. పొద్దువాలేసరికి వరస మలుపు దాకా సాగింది. జన్మలో లాండ్రీకి బట్టలు వెయ్యనివాళ్లు కూడా వచ్చారు. మేడమీది ఆవిడ తన జాకెట్టు తిరగేసి చూసుకుని, "నాకు వంకరగా వేశావు," అని దెబ్బలాడి ఇంకోటి వేయించుకుంది. భార్య సాయం చేస్తానంటే పెద్దాయన వద్దన్నాడు. వేరే చెయ్యి పడితే ఆ మనిషి పట్టేస్తాడు. సిరాబుడ్డి అయిపోతే ఇంకోటి తెరిచాడు. మణికట్టు వాచింది. ఆ రోజు మాత్రం ఆయన గొణగలేదు.

మర్నాడు ఆ మనిషి సెలూన్‌లో గెడ్డం గీయించుకున్నాడు. మెడ చుట్టూ కప్పిన తువ్వాలు అంచున సున్నాలో చుక్క. రొట్టెల దుకాణంలో కాఫీ తెచ్చిన అమ్మాయి ఏప్రన్ మీద సున్నాలో చుక్క. మాస్టారు పనున్నా లేకపోయినా అతని ముందునుంచి మూడుసార్లు నడిచాడు. అయినా అడక్కపోయేసరికి నాలుగోసారి తనే ఆగి, "చూస్తానన్నావుగా," అని కాలరు ఎత్తి చూపించాడు. ఆ రోజంతా, రెండో రోజు సగం అతను కాలర్లు చూస్తూనే ఉన్నాడు. చిన్నమ్మ ఇంటి ముందునుంచి రెండుసార్లు నడిచాడు. ఆ గేటు అందరి గేట్లలాగే ఉంది.

రెండో రోజు మధ్యాహ్నం లాండ్రీకి వచ్చి స్వెట్టరు బల్ల మీదికి విసిరాడు. "ఇంత పనికిమాలిన లాండ్రీ ఇన్నేళ్లు ఎలా నడిచిందో!" అన్నాడు. మెత్తటి గొంతు ఇప్పుడు లేదు.

"నాకూ అదే ఆశ్చర్యం బాబూ," అన్నాడు పెద్దాయన.

సాయంత్రం ఆయన స్వెట్టరు తీసుకెళ్లి గేటు దగ్గర పాప వాళ్లమ్మకి ఇచ్చాడు. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది. "వెళ్లిపోయాడా?" అని అడిగింది. వెళ్లాడన్నాడు. "వెతికి, దొరక్క వెళ్లిపోయాడా?" అని మళ్లీ అడిగింది. అవునన్నాడు. ఆమె గేటు ఊచ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయి, స్వెట్టరులో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పెద్దాయనకి ఏం చెయ్యాలో తోచక, అది ఉతకాలి, మాసిపోయింది, ఇటిమ్మన్నాడు. ఆమె ఇవ్వలేదు.

ఇక షాపు పరిస్థితి చెప్పనక్కర్లేదు. ఆ సిరా చెరగదు. పక్కన ఇంకో గీత పెడితే మళ్లీ ఏది ఎవరిదో తేలిపోతుంది కాబట్టి పెట్టడానికి లేదు. వీధి మొత్తానికి ఒకటే గుర్తు. పెద్దాయన ఒక్కో చొక్కా వెలుతురుకి పట్టుకుని, పొట్ట కొలత ఊహించి, తోచిన మూటలో వేస్తున్నాడు. ముప్పై ఒక్కేళ్లలో మొదటిసారి, ఎవరి బట్టలు ఎవరికి పోతున్నాయో ఆయనకి నిజంగానే తెలియదు. సిగ్గేస్తుంది. ఆ సిగ్గు ఎవరితో చెప్పుకోవాలో కూడా తెలియదు.

వారం తర్వాత మాస్టారు మూట కోసం వచ్చాడు. ఆయన వేసుకున్న ప్యాంటు చీలమండల పైకి జానెడు ఎగిరి ఉంది. సెలూన్ ఆయనది. పెద్దాయన చూసి తల దించుకున్నాడు. చెప్పకుండా ఉండలేకపోయాడు.

"మాస్టారూ, ఆ ప్యాంటు మీది కాదు."

మాస్టారు కిందికి చూసుకున్నాడు. నడుము పట్టీ తిరగేసి, సున్నాలో చుక్క చూపించాడు.

"గుర్తు నాదే కదా," అన్నాడు. మూట విప్పలేదు, చొక్కాలు లెక్కపెట్టలేదు, చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.