తెల్లబూడిద

అక్క ఇంట్లో గిన్నెలు తళతళలాడుతున్నాయి. బడి నుంచి వచ్చిన అవూర్ గుమ్మంలోనే ఆగిపోయింది. అమ్మ పోయాక ఈ ఇంట్లో చేరిన నాటి నుంచి గిన్నెలు తోమే పని ఆమెదే. తను ముట్టుకోకుండా అవి శుభ్రపడటం ఇదే మొదలు.

"చూశావటే? ఇవాళ నీ పని నేనే చేశా," అంది అక్క అకేయో చేతులు తుడుచుకుంటూ. "ఎల్లుండి పోటీ కదా, కాస్త చదువుకుంటావని. ఆ డబ్బాలో బూడిద ఎంత మెత్తగా ఉందే! అలా రుద్దగానే మసంతా వదిలిపోయింది."

అవూర్ గబగబా కిటికీ దగ్గరికి వెళ్లింది. గూట్లో డబ్బా ఖాళీగా ఉంది.

కిసుము పట్నంలో జరిగే సైన్స్ పోటీకి ఆమె ఫిజిక్స్ ప్రాజెక్టు ఆ బూడిదే. అహేరో మిల్లు నుంచి వరి ఊక మోసుకొచ్చి, యాసిడ్‌లో నానబెట్టి, కడిగి, ల్యాబులోని కొలిమిలో తెల్లబడేదాకా కాల్చి తీసిన సిలికా. వెంట్రుకను నిలువునా వెయ్యి పోగులుగా చీల్చినా ఆ నానో రేణువంత సన్నం కాదు. నీళ్లలో కలిపి లేజర్ వేస్తే ఎర్రటి గీత మెరుస్తుంది. ఆ గీత మొదటిసారి కనిపించిన సాయంత్రం ఎవరికైనా చెప్పాలని పరుగున ఇంటికొచ్చింది. "బూడిద కోసం ఇంత హడావుడా! ఆడపిల్లకి బూడిదెందుకు, గిన్నెలు తోముకోవడానికేగా?" అని బావ ఓడెరా పడీపడీ నవ్వాడు. అక్క కూడా నవ్వింది. ఆ తరువాత ఇంట్లో అవూర్ ఆ ఊసే ఎత్తలేదు.

అక్కని తిట్టాలనిపించింది. ఎలా తిడుతుంది? ఈ ఇంట్లో తన మీద జాలిపడ్డ మనిషి ఆమె ఒక్కతే. ఆ ప్రేమే ఇవాళ కొంప ముంచింది. చెప్తే అక్కకి అర్థం కాదు, చెప్పకపోతే తనకి ఊపిరాడదు. అమ్మ పోయిన రోజున కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు.

కడిగి ఆరబెట్టిన ఊక ల్యాబులో ఇంకా కాస్త మిగిలి ఉంది. పోటీకి వెళ్లేవాళ్ల కోసం రేపు ఆదివారమైనా ల్యాబు తెరుస్తారు. పొద్దున్నే వెళ్లి కాలిస్తే సాయంత్రానికి తెల్లబడుతుంది. కానీ ఆదివారమంటే బావ చర్చి స్నేహితులు భోజనానికి వచ్చే రోజు.

రాత్రి ఉగాలీ అనే మొక్కజొన్న పిండి ముద్ద, చేపల కూర తినేసి బావ తన పళ్లెం ఆమె వైపు తోశాడు. "రేపు చాలామంది వస్తున్నారు. పొద్దున్నే లేచి పెద్ద గిన్నెలన్నీ తోమి పెట్టు."

"రేపు నేను బళ్లో ఉంటా బావా. బూడిద కాల్చాలి."

"మళ్లీ బూడిదా? మరి గిన్నెలో?"

"ఆ బూడిద గిన్నెలకి కాదు," అని అవూర్ లేచి నిలబడింది.

అక్క డబ్బా వైపు చూసింది. తను గిన్నెలకి రుద్దిందేమిటో అప్పుడు తట్టింది. అలవాటుగా బావ పళ్లెం దాకా వెళ్లిన ఆమె చెయ్యి మెల్లగా వెనక్కి వచ్చింది.