వయా కాలవగట్టు

బుల్లియ్య ధవళేశ్వరం నుంచి రాజమండ్రి వెళ్లే సిటీ బస్సుకి డ్రైవరు. ఆ బస్సు జాలరిపేట వీధిలోంచి పోయేది. చేపల బుట్టలు, ఆటోలు, అడ్డదిడ్డంగా ఆపిన మోటారుసైకిళ్లు దాటి బయటపడేసరికి తాతలు దిగొచ్చేవారు.

ఆ వీధిలోనే అతని అక్క మరిడమ్మ ఇల్లు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. బుల్లియ్య చర్చికి వెళ్లేవాళ్ల అమ్మాయి బేబీని ప్రేమించి పెళ్లి చేసుకున్నప్పుడు బావ నూకరాజు, "ఇంక నా గుమ్మం తొక్కొద్దు" అన్నాడు. మొగుడి మాట కాదనలేక మరిడమ్మ ఫోను కూడా చెయ్యలేదు. కానీ తమ్ముడికి ఆ రూటు ఇచ్చారని తెలిసిన దగ్గర్నుంచి, పొద్దున్న బస్సొచ్చే వేళకి అరుగు మీద నిలబడేది. రద్దీలో బస్సు ఎలాగూ ఆగేది. ఇద్దరూ పలకరించుకునేవారు కాదు. చూసుకునేవారు, అంతే. కొడుకు పుట్టినప్పుడు బుల్లియ్య ఫోనులో ఫొటో పెట్టి కిటికీలోంచి ఎత్తి చూపిస్తే, మరిడమ్మ అక్కడినుంచే మెటికలు విరిచి దిష్టి తీసింది.

బస్సు రోజూ ఆలస్యమవుతోందని డిపోకి ఫిర్యాదులు వెళ్లాయి. నర్సింగు చదివే అశ్విని అనే అమ్మాయి ఒకరోజు పరీక్ష అందక బస్సులోనే వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ మర్నాడు మేనేజరు గణేష్‌బాబు పిలిచి అడిగారు.

"బుల్లియ్య గారూ, రోజూ తోలేది మీరు. లేటెక్కడవుతోంది?"

బుల్లియ్య కళ్ల ముందు అక్క అరుగు మెదిలింది. ఆ పిల్ల ఏడుపు చెవుల్లోనే ఉంది.

"జాలరిపేటలోనేనండి. కాలవగట్టు రోడ్డు వెడల్పు చేశారు కదండి. అటు తిప్పితే టైముకి వెళ్లిపోద్దండి."

నెల తిరిగేసరికి బస్సు బోర్డు మారింది. కాలవ పక్కన కొత్త రోడ్డు మీద బస్సు గాలిలా పోయేది. ఎక్కినవాళ్లందరూ సంతోషించారు. జాలరిపేట మలుపు వచ్చినప్పుడు మాత్రం బుల్లియ్య చేతులు స్టీరింగుని అటే లాగబోయేవి.

"ఒకసారి వెళ్లి చూసి రండి. మహా అయితే మీ బావ గారు తిడతారు" అంది బేబీ.

"తిట్టేది నన్నైతే పర్వాలేదు. అక్కని అంటాడు" అన్నాడు. రేపు, ఎల్లుండి అనుకుంటూనే వానాకాలం గడిచిపోయింది.

చివరికి ఒక సెలవు రోజున గుండె దిటవు చేసుకుని వెళ్లాడు. ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి పాపాయమ్మ అతన్ని చూసి గబగబా వచ్చింది.

"నీకు తెలీదా అయ్యా? మొన్న అక్కకి గుండెనొప్పి వచ్చింది. రాజమండ్రి పెద్దాసుపత్రిలో వేశారు. బస్సు ఇటు రాదే అని ఎంత చెప్పినా పొద్దున్నే అరుగు మీదికి వచ్చేది. అలవాటైపోయిందిలే అనేది."

నిన్నంతా ఆ ఆసుపత్రి ముందునుంచే బస్సు తోలాడు. ఒక్క ట్రిప్పు కూడా ఆలస్యం కాలేదు.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్న నూకరాజు అతన్ని చూసి లేచాడు. తిడతాడనుకున్నాడు బుల్లియ్య. నూకరాజు వచ్చి అతని భుజం పట్టుకున్నాడు.

"ఇందాకే పోయిందిరా" అన్నాడు. "నీకు కబురు చేద్దామనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని చెయ్యను?"

నూకరాజు అతన్ని బల్ల మీద కూర్చోబెట్టాడు.

"రెండు కళ్లకీ పొరలొచ్చాయి దానికి. ఆపరేషను చేయించుకోమంటే రేపు మాపు అనేది. బస్సులో నీ మొహం ఆనేది కాదు, అయినా వెళ్లి నిలబడేది. నాకు తెలుసురా. ఏనాడూ వద్దనలేదు. లోపలికి రమ్మని నీకూ చెప్పలేదు."

లోపల మరిడమ్మ మంచం మీద ఉంది. పెళ్లయిన తర్వాత బుల్లియ్య ఆవిణ్ణి అంత దగ్గరగా చూడటం అదే మొదలు. జుట్టు ఎంత నెరిసిపోయిందో డ్రైవరు సీట్లోంచి తెలియలేదు. అక్క చెయ్యి పట్టుకుని, చిన్నప్పుడు పిలిచినట్టే "అక్కోయ్" అని పిలిచాడు.

పెద్దకర్మ అయ్యాక డ్యూటీకి వెళ్తే, "కావాలంటే వేరే రూటు వేస్తానండి" అన్నారు గణేష్‌బాబు.

"వద్దండి. ఇది అలవాటైపోయిందండి."

బస్సెక్కి సీట్లో కూర్చున్నాడు. కండక్టరు డేనియల్ "రైట్" అన్నాడు. బస్సు కదలకపోయినా మళ్లీ అనలేదు, ఊరుకున్నాడు. వెనక సీట్లలో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ పొద్దున్న బస్సు ఆలస్యంగా కదిలింది. ఎవరూ ఏమీ అనలేదు.