మొదటి క్యాసెట్టులో ఒక ఊపిరి

“రేపు పెనుకొండ మీటింగుకు తెల్ల కర్చీపు తెచ్చుకో ఎస్తేరూ. రంగుదైతే కెమెరాలో తెలీదు.”

దేవదాసు ఆ మాట అన్నప్పుడు ఎస్తేరు ఆయన జుబ్బాకు గంజి పెడుతోంది. గంజి చేతులకు అంటుకుని చల్లారుతోంది. ఆమె తలెత్తలేదు. కర్చీపు దేనికో ఆమెకు తెలుసు. పోయిన నెల కదిరి సువార్త మీటింగులో ఆయన ‘నీళ్ళు మోసే’ పాట పాడుతుంటే పందిరి పందిరంతా ఏడ్చింది. ముందు వరస కుర్చీలో పాడేవాడి భార్య మాత్రం పొడి కళ్ళతో కూర్చుంది. ఆ వీడియో ఫోన్లలో తిరిగింది. పాస్టరుగారి భార్య సరోజమ్మ ఆదివారం గుడి మెట్ల మీదే పట్టుకుని అడిగింది: “ఊరంతా ఏడుస్తాంటే నువ్వు బస్సు కోసం కూర్చున్నట్ల కూర్చున్నావే, ఏందమ్మా? కట్టుకున్నదానికే గుండె కరగకపోతే జనం ఏమనుకుంటారు?”

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. ఎస్తేరు కూడా నవ్వింది. నవ్వకపోతే అదొక మాట అవుతుంది.

దేవదాసు పాటంటే ఇప్పుడు అందరికీ తెలిసింది ఆ ఏడుపు గొంతే. ‘తండ్రీ’ అన్న మాటను పట్టుకుని సాగదీసి, వణికించి, చివరికి వెక్కులా తెంచుతాడు. వెనక జోసెఫ్ కీబోర్డు మీద గాలివాన లేపుతాడు. ధర్మవరం నుంచి మడకశిర దాకా పాడే కుర్రవాళ్ళందరూ ఆ వెక్కే నేర్చుకున్నారు. అది మెల్లగా ఇంట్లోకీ వచ్చింది. చట్నీలో ఉప్పు చాలలేదని చెప్పేటప్పుడు కూడా ఆయన గొంతు వణుకుతుంది. ఒకప్పుడు “ఏమ్మే” అని పిలిచేవాడు. ఇప్పుడు నలుగురిలో “నా సహధర్మచారిణి” అంటాడు. ఆమెను కూడా “అయ్యగారూ” అని పిలవమన్నాడు. ఆ పిలుపు అలవాటైనాక ఎస్తేరుకు ఇంట్లో మాట్లాడుకునే మనిషి లేకుండా పోయాడు.

పొద్దున్నే బ్యాండు పిల్లలకు చిత్రాన్నం కలపాలి. జుబ్బా ఇస్త్రీ చెయ్యాలి. మైకు వైర్లు తుడిచి చుట్టలు చుట్టాలి. “ఇదంతా సేవ” అంటాడు దేవదాసు. సేవే. కాదనదు. కానీ సేవ చేసినవాళ్ళ పేర్లు చదివేటప్పుడు వైర్లు తుడిచినవాళ్ళ పేరు ఎందుకుండదో ఆమెకు అర్థం కాదు. ప్రభువు ఇంటికొచ్చిన పూట వంటపనిలో పడిన మార్త గురించి వాక్యంలో చదివినప్పుడల్లా, ఆ పూట వంట చివరికి ఎవరు చేశారో రాయలేదే అనుకుంటుంది. అనుకుని, తప్పేమోనని కళ్ళు మూసుకుని ఒక మాట ప్రార్థన చేసుకుంటుంది.

తెల్లారి చిత్రాన్నానికి పోపు వేగుతుంటే ఫోను పొయ్యి గట్టు మీద నిలబెట్టి దేవదాసు మొదటి క్యాసెట్టు పెట్టుకుంది. హిందూపురంలో ఉండే కూతురు రేఖ పాడైపోతున్న టేపును ఎవరి చేతనో ఫోనులోకి ఎక్కించి పంపింది. “మా, దీంట్లో నాయన పాడతాండాడా, మాట్లాడతాండాడా?” అని నవ్వింది. దేవదాసుకైతే ఆ క్యాసెట్టు పేరెత్తితేనే చిన్నతనం. “అది పాటనా? అప్పుడు నాకేం తెలుసు” అంటాడు.

దాన్ని హిందూపురంలో ఒక టైలరు అంగడి మిద్దె మీద గదిలో రికార్డు చేశారు. కింద కుట్టుమిషను ఆగినప్పుడే పైన పాడాలి. ఒక హార్మోనియం, ఒక డప్పు, అంతే. గొంతు ఎక్కడా ఎగరదు. మగ్గం గుంటలో కూర్చున్న మనిషి, చెయ్యి ఆపకుండా, పక్కనున్నవాళ్ళతో మాట్లాడినట్టు పాడతాడు. ఒకచోట శ్రుతి కొంచెం దిగుతుంది కూడా. ఎస్తేరుకు ఆ దిగడం ఇష్టం. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు మనిషి భుజాలు దిగుతాయే, అట్లా ఉంటుంది.

అప్పుడు వాళ్ళకు మగ్గం ఉండేది. ఆయన నేసేవాడు, ఆమె దారం కండెలు చుట్టేది. కూలి చీరకే గాని కండెకు లేదు. ఆ ఎండాకాలం ఏడో నెల కడుపుతో ట్యాంకరు దగ్గర్నుంచి బిందె మోసుకొస్తూ పడింది. మగబిడ్డ. నిలవలేదు. “జాగర్తగా నడిచేది తెలీదా?” అంది అత్త. పురిటి మంచం దిగీ దిగకముందే మళ్ళీ ఆ బిందే ఎత్తుకోవాల్సి వచ్చింది. ఒక రోజు నీళ్ళు దించి కండెల దగ్గర కూర్చుని, ఎవరితోనో తెలియకుండానే పైకి అడిగింది:

‘నీళ్ళు మోసే నా వెనక నువ్వు నడుస్తాండావా, తండ్రీ?
బిందె జారిన చోట నువ్వు కూడా కూర్చున్నావా?’

దేవదాసు మగ్గం ఆపాడు. “ఏమ్మే, ఇంగోసారి చెప్పు” అన్నాడు. ఆమె చెప్పింది. 

క్యాసెట్టులో ఆయన దాన్ని అట్లాగే పాడాడు. ప్రశ్న అడిగి, ఆగాడు. ఒక ఊపిరి సేపు హార్మోనియం లేదు, డప్పు లేదు. కింద వీధిలో సైకిలు బెల్లు వినిపిస్తుంది. ఆ ఖాళీ దగ్గరకొచ్చేసరికి ఎస్తేరు గరిట ఆపుతుంది. ఎప్పుడు విన్నా ఆపుతుంది.

ఇప్పటి పాటలో ఆ ఖాళీ లేదు. ‘నడుస్తున్నావయ్యా, కూర్చున్నావయ్యా’ అని జవాబు ఆయనే చెప్పేస్తాడు. దాని మీద వెక్కు, దాని మీద కీబోర్డు.

మధ్యాహ్నానికి పెనుకొండ కల్యాణమండపం నిండింది. రొద్దం నుంచి ట్రాక్టర్లలో వచ్చినవాళ్ళు వెనక చాపల మీద సర్దుకున్నారు. ముందు వరసలో ఎస్తేరు కుర్చీ. ఎదురుగా మూడు కాళ్ళ మీద కెమెరా. ఒడిలో తెల్ల కర్చీపు, నాలుగు మడతలు.

దేవదాసు మైకు పట్టుకున్నాడు. “నా బిడ్డ పోయిన దినాన, నేను మగ్గం గుంటలో కన్నీళ్ళతో ఉండగా, ప్రభువు నాకీ పాట ఇచ్చినాడు...” గొంతు వణికింది. ముందు వరసల్లో ముక్కులు చీదడం అప్పుడే మొదలైంది. “ముందు నా సహధర్మచారిణి సాక్ష్యం చెప్తాది.”

చెప్పాల్సింది వ్యానులోనే నేర్పాడు. ఈ పాట విన్న ప్రతిసారీ నా గుండె కరుగుతుంది, అంతే. సరోజమ్మ మైకు తెచ్చి చేతిలో పెట్టి, చెవిలో “ఈసారన్నా కొంచెం తడి చేసుకో తల్లీ” అంది.

ఎస్తేరు కొంగు తల మీదికి లాక్కుని లేచింది. కుర్చీ మీద కర్చీపు ఉండిపోయింది.

“అందరికీ వందనాలు. నాకు సాక్ష్యం చెప్పేది సరిగా రాదు. అబద్ధం మాత్రం దేవుని ముందర చెప్పను. ఈ పాట మొదట పాట కాదు. బిడ్డ పోయినంక నీళ్ళకు పోయొచ్చి నేను అడిగిన మాట. మొదటి క్యాసెట్టులో అయ్యగారు దాన్ని అట్లే పాడినారు. శానా బాగా పాడినారు. అంత బాగా మళ్ళీ పాడలేదు.”

ఎవరో నవ్వబోయి ఆగారు. దేవదాసు నవ్వు ముఖం మీద అట్లాగే ఉండిపోయింది.

“దాంట్లో అడిగి, ఊరికే ఉంటారు. నాకు ప్రభువు ఇంకా జవాబు చెప్పలే. ఆయన చెప్పేది నాకు వినపడల్లంటే, ఆడ కొంచేపు ఎవురూ మాట్లాడకుండా ఉండల్ల. అంతే.”

మైకు సరోజమ్మకు ఇచ్చింది.  ముందు వరస కుర్చీ దాటింది. ఇంక ఆ కుర్చీలో కూర్చునేది లేదని నడుస్తుండగానే తెలిసింది. చివర చాపల దగ్గర ఒకావిడ పిల్లను ఒళ్ళోకి లాక్కుని, “ఈడ కూచోమ్మా” అని చోటిచ్చింది. కూర్చున్నాక మెల్లగా అడిగింది: “ఆ పాత పాట యాడ దొరుకుతాదమ్మా?”

“నా ఫోన్లో ఉండాది. ఇస్తాలే.”

పాట మొదలైంది. ఏడుపు గొంతే. నీళ్ళు మోసే నా వెనక నువ్వు నడుస్తాండావా, తండ్రీ. బిందె జారిన చోట నువ్వు కూడా కూర్చున్నావా. అక్కడ దేవదాసు కళ్ళు అలవాటుగా ముందు వరసలోకి పోయాయి. కుర్చీ ఖాళీ. ఆయన నోరు తెరిచాడు, మాట రాలేదు. జోసెఫ్ వేళ్ళు కీబోర్డు మీద సైగ కోసం ఆగాయి. మండపంలో ఫ్యాన్ల చప్పుడు, ఎక్కడో పసిబిడ్డ దగ్గు.

ఒక ఊపిరి సేపు.

తర్వాత ఆయన చెయ్యి లేపాడు, గాలివాన వచ్చింది, జనం ఏడ్చారు. వెనక చాప మీద ఎస్తేరు కొంగుతో ముఖం తుడుచుకుంది. కెమెరా ఇంకా ఆ కుర్చీ వైపే చూస్తోంది. దాని మీద తెల్ల కర్చీపు, మడత విప్పకుండా.