జూన్ నెల మర్యాద

ఏడేళ్లుగా "నువ్వు" అన్నవాడు ఆ రోజు "మీరు" అన్నాడు. అక్కడే అనుమానం వచ్చింది ట్రాయన్‌కి.

అరాద్ ఊరి పాస్‌పోర్టు ఆఫీసులో కెప్టెన్ స్టంకులెట్స్ అతన్ని కూర్చోమన్నాడు కూడా. కెంట్ సిగరెట్ పెట్టె తెరిచి ముందుకు జరిపాడు. మా రొమేనియాలో కెంట్ పెట్టె లేనిదే డాక్టరు నాడి పట్టుకోడు, కసాయి మంచి ముక్క కొయ్యడు. ఈ కెప్టెన్‌కి ట్రాయన్ సమర్పించుకున్న పెట్టెలకి లెక్కే లేదు. అందులోంచి ఒక్క సిగరెట్ తిరిగి రావడం ఇదే మొదలు.

అంతా జూన్ మహిమ. అమెరికాలో ఒక చట్టం ఉంది. ధరలన్నీ సర్కారే నిర్ణయించే మాలాంటి దేశాలు జనాన్ని బయటికి పోనివ్వకపోతే, వాటి సరుక్కి సుంకంలో రాయితీ ఉండదు. ఏటా వేసవిలో వాళ్ల సభ మేం ఎందర్ని వదిలామో లెక్క చూస్తుంది. అందుకే ఏడాదంతా కదలని పాస్‌పోర్టులు చెర్రీలతో పాటు పండుతాయి. అమెరికాకి అమ్మే మా బూట్లు ఓడెక్కాలంటే ముందు కొందరు మనుషులు విమానం ఎక్కాలి. దొంగచాటుగా విదేశీ రేడియో వినే ప్రతివాడికీ తెలుసు ఈ సంగతి.

దేశం విడిచి పోతానని అర్జీ పెట్టిన పాపానికి ట్రాయన్‌కి వెల్డింగ్ పని ఊడి, వీధులూడ్చే చీపురు మిగిలింది. ఇప్పుడతని ముందు పాస్‌పోర్టు పడింది. ఒక్కటే. మరి మా అమ్మాయి వియోరికది ఏదీ అనడిగాడు. అమ్మాయిది తర్వాత వస్తుందనీ, ముందు మీరు క్లీవ్‌లాండ్‌లో మీ అక్కగారింట్లో కుదురుకోండనీ కెప్టెన్ తేనె పూశాడు. తల్లి లేని పిల్ల. అవతలికెళ్లి తండ్రి నోరు విప్పకుండా ఇక్కడ పట్టి ఉంచే తాడు.

"ఇక్కడ సంతకం పెట్టండి," అన్నాడు కెప్టెన్.

ట్రాయన్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. "నేను పుచ్చుకోకపోతే నీ లెక్కలో ఒకడు తగ్గుతాడు. అంతేగా?"

"నీ" అన్న మాట కెప్టెన్ చెంప మీద పడ్డట్టయింది. అతని మర్యాదా ఎగిరిపోయింది. "ఇక్కడే చీపురు పట్టుకుని చస్తావురా."

"చస్తూనే ఉన్నాగా, అలవాటైపోయింది. రెండు పాస్‌పోర్టులూ పక్కపక్కన పెట్టు, చేతులు బయటికి తీస్తా. లేదంటే ఈ ఏడు మీ బూట్లు మీరే తొడుక్కోండి."

కెప్టెన్ గోడ మీది క్యాలెండర్ వంక చూశాడు. తర్వాత ఫోనెత్తి రాజధాని బుకారెస్ట్‌కి లైను అడిగాడు. పిల్ల పేరు అక్షరం అక్షరం విడదీసి చెప్పడం మొదలెట్టాడు.

ట్రాయన్ ఎడం చెయ్యి తీసి, తనిచ్చిన పెట్టెలోంచే ఒక కెంట్ లాగి, కెప్టెన్ లైటర్‌తోనే వెలిగించుకున్నాడు. సంతకం పెట్టే చెయ్యి మాత్రం జేబులోనే ఉంచాడు.