లంకలో బోణీ

"దళార్లా! ఓడలోకి దళార్లెందుకే తాయారూ? రొయ్యలేమైనా అమ్మబోతున్నారా?"

అవనిగడ్డ నుంచి ఆడపడుచు వీరలక్ష్మి ఫోనులో అరిచిన అరుపుకి గుడివాడలో మంగతాయారు చెవి గింగిర్లెత్తింది.

"దళార్లు కాదు వదినా, డాలర్లు! మీ తమ్ముడుగారు డాలర్లు పట్టుకెళ్తారట."

"శ్రీలంకలో డాలర్లేంటే? అక్కడ అరటిపళ్లు అమ్మేవాడు కూడా అమెరికావాడేనా?"

మంగతాయారు అడుగుతున్నదీ అదే. చెన్నైలో ఓడెక్కి, శ్రీలంకలోని ట్రింకోమలీలో ఒక్క పూట దిగే ప్రయాణం. ఆ ఒక్క పూటకి ఏ దేశపు డబ్బు పట్టుకెళ్లాలన్నది వాళ్లింట్లో రావణకాష్ఠమై కూర్చుంది. లంక ప్రయాణం కదా మరి!

భర్త జనార్దనరావుది ఫ్రిజ్జుల షోరూము. ఆయనకి డాలరంటే దైవభక్తి.

"నూరు డాలర్ల నోటొక్కటి తీశానంటే కొట్టువాళ్లు క్యూ కడతారోయ్!"

"ఆ ఊరికి ఆ ఊరి రూపాయలేనండీ. అవీ చిన్న నోట్లయితేనే మంచిది."

"నీవన్నీ చిల్లర ఆలోచనలు! మారకం గురించి ఇక మారాం చెయ్యకు."

ఆ మాట పుండు మీద కారమైంది. పెళ్లయిన నాటి నుంచీ ఏ ప్రయాణంలోనూ పర్సు ఆమె చేతికి రాలేదు. కాఫీకైనా గాజులకైనా చెయ్యి చాచవలసిందే.

"అయితే పందెం. మీ డాలరు చెల్లితే ఈ జన్మకి ఎదురు చెప్పను. నా చిల్లర చెల్లితే మాత్రం ఇకమీదట ప్రయాణాల్లో పర్సు నాది."

"ఓస్, అంతేనా!" అన్నాడాయన, పర్సు నిమురుకుంటూ.

చెన్నైలో ఓడెక్కే ముందు మంగతాయారు తన చీటీ డబ్బులు మార్చి, ఆ దేశపు చిన్న నోట్లతో చేతిసంచి నింపుకుంది. జనార్దనరావు నవ్వాడు.

ఓడ పొద్దున్నే రేవు చేరింది. గుడికి వెళ్లే దారిలో కొట్లు అప్పుడే తెరుస్తున్నారు. జనార్దనరావు మొదటి కొట్టులో టోపీ ఒకటి నెత్తిన పెట్టుకుని, నూరు డాలర్ల నోటు విసనకర్రలా ఊపాడు.

కొట్టావిడ రెండు చేతులూ అడ్డంగా ఆడించింది. "వేండాం, వేండాం!" అంది. నోటు ముట్టుకోనైనా లేదు. టోపీ అక్కడే పెట్టి పక్క కొట్టుకి వెళ్తే అక్కడా అంతే. ఆ పక్క కొట్టాయన దణ్ణం పెట్టి మరీ సాగనంపాడు.

ఓడలో పరిచయమైన పామర్రు శివరామయ్య గొంతు పెంచాడు. "బావగారూ, నోటు దొంగదేమో చూసుకోండి!"

ఇంకేముంది! వెనకాల వస్తున్న తెలుగువాళ్లంతా తమ డాలర్లు తీసి ఎండకి పట్టుకుని చూసుకోసాగారు. జనార్దనరావు కూడా తన నోటుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

మంగతాయారు మాత్రం మొదటి కొట్టావిడ డబ్బుల డబ్బాకేసి చూసింది. ఖాళీ. పక్కన అగరొత్తి ఇంకా సగమైనా కాలలేదు. బందరులో నాన్న బట్టల కొట్టులో, గల్లాపెట్టె పక్కనే పెరిగిన మనిషికి ఇంకొకరు చెప్పాలా? చరచరా వెళ్లి ఆ టోపీ అందుకుంది. కొట్టావిడ వేళ్లు చూపించి ధర చెప్పింది. మంగతాయారు బేరమాడకుండా చిన్న నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది.

కొట్టావిడ మొహం వెలిగిపోయింది. ఆ నోట్లు కళ్లకద్దుకుని, సరుకంతటి మీదా ఓసారి తిప్పి, డబ్బాలో వేసుకుంది. కొసరుగా చిన్న మడత విసనకర్ర కూడా చేతిలో పెట్టింది.

మంగతాయారు టోపీ తెచ్చి మొగుడి నెత్తిన పెట్టింది. "నా చిల్లర చెల్లిందండీ!"

ఓడ దిగి గంటైనా కాలేదు, ఆయన ఓడాడు. అందరూ చూస్తుండగా పర్సు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

"మరి మా దొంగనోట్ల గతేంటి చెల్లెమ్మా?" అన్నాడు శివరామయ్య బిక్కమొహంతో.

మంగతాయారు విసనకర్ర విప్పింది.

"ఏ నోటూ దొంగది కాదన్నయ్యగారూ! మనం పొద్దున్నే వచ్చి పడ్డాం. వీళ్లకింకా బోణీ కాలేదు, డబ్బాలో చిల్లర్లేదు. ఉన్నా సరే, బోణీ కాకుండా ఎదురు డబ్బివ్వమంటే మా నాన్న కూడా ఇలాగే దణ్ణం పెట్టేవాడు. డాలర్లు లోపల పెట్టి నాతో రండి, వరసగా అన్ని కొట్లకీ బోణీ చేసేద్దాం!"