సంచుల కాపలా

మొగుడి పక్కన మరో ఆడది నవ్వుతూ నడిస్తే పెళ్ళాం కడుపు మండుతుందని లోకం నమ్ముతుంది. పులివెందులలో వసుంధర కూడా నమ్మింది, కడుపు నిజంగానే మండుతోంది కనుక.

ఆమె భర్త నాగభూషణం కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. ఆదివారం పొద్దున్నే ఆసక్తి ఉన్నవాళ్ళను వెంటేసుకుని, ఊళ్ళో అరుగుల మీది నాపరాళ్ళలో పాత సముద్రపు అలల గుర్తులు చూపిస్తూ, ఊరి చివరి గుట్టదాకా నడిపిస్తాడు. అందరికీ ఉగ్గాని, బజ్జీలు వసుంధరే చేస్తుంది. గుట్ట కింద వేపచెట్టు నీడలో సంచులకు కాపలా కూర్చుంటుంది. ఇంటికొచ్చాక ఆయన తెచ్చిన రాళ్ళను పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడుగుతుంది. తడి రాతిలో ఉల్లిపాయ కోసినట్టు వలయాలు తేలతాయి. ఒకసారి వాటిని చూస్తూ ఉండిపోతే, "కడగమంటి గాని చూడమంటినా? రాళ్ళల్లో నీకేం తెలుస్తాదిలే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అందువల్ల కోపగించుకునే హక్కు కూడా ఆమెకు దక్కలేదు.

ఈ చలికాలం నుంచి ఫాయిజా అనే స్కూలు టీచరు వస్తోంది. నాగభూషణం తన మెడలోని భూతద్దం తీసి ఆమెకిచ్చి, గుట్ట మీద వంగి బండ చూపిస్తుంటే, కింద వసుంధర కడుపు మండింది. మాటలు వినబడుతూనే ఉన్నాయి. లోతులేని సముద్రంలో పాకుడు పొరపొరగా పెరిగి, ఒండును పట్టుకుని రాయి అయిందట. చేపా చెట్టూ పుట్టకముందు సంగతట.

ఇంట్లో అత్త గురమ్మ ఊరుకోలేదు. "మొగున్ని రవ్వంత కనిపెట్టుకోని ఉండు మే. ఆ టీచరమ్మ రాళ్ళు సూడను వస్తాందో, రాళ్ళు సూపిచ్చేటోన్ని సూడను వస్తాందో."

"ఆయప్పకు అరవై దాటినాయత్తా."

"మొగోనికి ఏండ్లు యాడ దాటుతాయే?"

తరువాతి ఆదివారం ఫాయిజా రాలేదు. చుట్టాల పెళ్ళికి ప్రొద్దుటూరు పోయింది. ఆ రోజు భూతద్దం దక్కింది అలీ అహ్మద్‌కు, బ్యాంకులో రిటైరైన బట్టతల పెద్దమనిషికి. "ఇదంతా నాచేనా సార్" అంటూ గుట్ట మీద ఆయన బండ ముందు మోకరిల్లాడు. కింద వసుంధర కడుపులో అదే మంట, అంతే మంట. బజ్జీల గిన్నె మీద మూత పెట్టి ఆమె చాలాసేపు ఆలోచించింది. అనుమానించిన కారణాన్ని తీసేసినా ఫలితం మారలేదు. అలీ అహ్మద్‌ను చూసి ఏ పెళ్ళామూ ఉడుక్కోదు. మరి ఆ ఇద్దరి చేతుల్లోనూ ఉన్నదేమిటి? తాను కడిగిన రాళ్ళు ఏ బండలోంచి ఊడివచ్చాయో, ఇన్నేళ్ళుగా గుట్ట కిందిదాకా వచ్చి కూడా తాను ఒక్కసారీ చూడలేదు.

మూడో ఆదివారం ఆమె ఉగ్గాని చెయ్యలేదు. గుట్ట కింద అందరి ముందూ మొగుడి వైపు చెయ్యి చాపింది.

"మామా, ఆ భూతద్దం ఇట్లియ్యి."

"నీకెందుకే? సంచులెవరు చూస్తారు?"

"నువ్వు సూడు. శానా సదువుకున్నోనివి, సంచులు సూసేది రాదా?"

ఫాయిజా ఫక్కున నవ్వింది. పెళ్ళిలో చెప్పు కరిచి కాలు పుండయిందని, తానూ నీడలోనే ఉండిపోతానంది. నాగభూషణం మెడలోంచి తాడు తీసి ఇచ్చాడు.

వసుంధర గుట్ట ఎక్కి, బండ మీద వంగి, భూతద్దం కంటికి ఆనించుకుంది. కింద వేపచెట్టు నీడలో నాగభూషణం, ఫాయిజా పక్కపక్కన కూర్చుని నవ్వుకుంటున్నారు. ఆ నవ్వు పైకి వినబడింది.

కడుపు మండలేదు.